దాలయ్య మీసం, ఆశ వంద మీటర్లు

దాలయ్య లెక్కకు తిరుగులేదని జాలరిపేటలో అందరికంటే గట్టిగా నమ్మినవాడు దాలయ్యే. బోటు ఎన్నింటికి రేవు చేరుతుందో, వాన ఏ పూట దిగుతుందో, పక్కింటి కోడలు ఎప్పుడు అలిగి పుట్టింటికి పోతుందో అడక్కుండానే చెప్పేవాడు. తప్పినవి జనం మరిచిపోయేవారు. తగిలినవి అతను మరవనిచ్చేవాడు కాదు. పెద్ద కుర్చీల్లో కూర్చున్న జోస్యులు బతికేదీ ఇలాగే, కాకపోతే వాళ్ళకి జీతాలిస్తారు.

ఆ ఏడు అతని కూతురు ఆశ జిల్లా ఈత పోటీకి ఎంపికైంది. వంద మీటర్లు. మిగతా పిల్లలు ఈతకొలనులో సాధన చేస్తుంటే, ఈ పిల్ల ఒడ్డుకు కాస్త ఎడంగా, తాడుతో వంద మీటర్లు కొలిచి లంగరేసిన రెండు పడవల మధ్య చేసింది. దాలయ్య ఫోనులో టైము పట్టేవాడు. నీటి లాగుడు మోసం చెయ్యకుండా ఒకరోజు ఉత్తరానికి, ఒకరోజు దక్షిణానికి ఈదించేవాడు. చివరికి సగటు తీశాడు. పక్కవాళ్ళు తరుముతుంటే ఎవరైనా కాస్త జోరుగా ఈదుతారని అందులోంచి మూడు సెకన్లు కొట్టేశాడు.

"నిమిషం ఇరవై," అని టీ బడ్డీ దగ్గర ప్రకటించాడు. "రెండు సెకన్లు అటూ ఇటూ. అంతకి మించి తప్పితే నా మీసం తీయించీసుకుంటాను."

ఆ మీసం సామాన్యమైంది కాదు. ఆ పొట్టిమనిషిలో పొడుగన్నది అదొక్కటే.

"మాట మీదుంటావా బావా?" అన్నాడు అతని భార్య గంగాలమ్మకు అన్న అర్జునరావు. తెరచాప కొయ్యలాంటి మనిషి.

"నాను తప్పితే సముద్రం తప్పినట్టే బావా."

పోటీలో ఆశ మొదటి స్థానంలో వచ్చింది. బోర్డు మీద నిమిషం పదమూడు అని పడింది. గంగాలమ్మ ఏడ్చేసింది. అర్జునరావు ఈల వేశాడు. దాలయ్య చెయ్యి మాత్రం మూతి మీదికి పోయింది.

తడి జుట్టుతో పరిగెత్తుకొచ్చింది ఆశ. "ఫస్టొచ్చాను నాన్నా!"

"ఏటే గుంటా, అంత తొందరేటొచ్చిందే నీకు? నిమిషం ఇరవైకొచ్చినా ఫస్టే ఒద్దువు. ఆ రెండో గుంట ఇంకా ఎనకే ఉంది గదా!"

"ఓలమ్మో! గెలిసిన పిల్లని తిట్టే తండ్రిని ఈడే సూత్తన్నాను," అంది గంగాలమ్మ.

"నా లెక్క తప్పదే. నీళ్ళలో ఏదో ఉంది."

గంగాలమ్మ కళ్ళు తుడుచుకుంది. "పడవల మజ్జిన తాడు ఎవులు కొలిసారు?"

"మీ అన్న. యాబై అయిదు బారలు. బారకి ఆరడుగులు."

అందరూ అర్జునరావు చేతుల వైపు చూశారు.

బారంటే రెండు చేతులూ చాచినంత. వన్ టౌన్ బజారులో తాడు కొనాలంటే పేటవాళ్ళు అర్జునరావునే వెంటబెట్టుకెళ్ళేవారు. అతని చేతులతో కొలిపించుకుంటే బారకి అరడుగు లాభం. ఒక షావుకారైతే అతను సందు మలుపు తిరగ్గానే, వెనక తాళ్ళ గుట్ట కనబడుతున్నా సరే, సరుకు లేదనేవాడు. ఆ అలవాటు కొద్దీ దాలయ్య ఈత తాడునీ బావ చేతే కొలిపించాడు. ఎక్కువొస్తే మనకే గదా అనుకున్నాడు. ఎక్కువే వచ్చింది. ఆ ఎక్కువంతా పాపం పిల్ల రోజూ ఈదింది.

"అయితే తప్పు తాడుది," అన్నాడు దాలయ్య. "లెక్క రైటే."

"మీసం తాడుకుందా, నీకుందా బావా?"

ఆ సాయంత్రమే సెలూన్‌లో కూర్చోబెట్టారు. నురగ రాశారు. అద్దంలో గుమ్మం దగ్గర మెడలో మెడల్‌తో ఆశ కనబడింది. దాలయ్యకి కాస్త ప్రాణం లేచొచ్చింది. వేలెత్తాడు.

"అమ్మా, రాష్ట్రం పోటీకి నువ్వు సరిగ్గా..."

"సెప్పకు నాన్నా," అంది ఆశ. "నీ మీసం కోసం ఆగి ఈదడం నా వల్ల కాదు."

దాలయ్య నోరు మూసుకున్నాడు. పై పెదవి అలా కదలకుండా దొరకడమే ఆలస్యం, సెలూనాయన రెండు గీతల్లో పని కానిచ్చేశాడు.