అర్జీతో ఫొటో

ఏరియూరులో మేకలు కాసే సిద్దప్ప కూతురు కీర్తిక తమిళనాడు ధర్మపురిలో హౌస్ సర్జన్. తమ ఊరి ఆరోగ్య కేంద్రంలో పాముకాటు మందు ఉంచాలని తోటి డాక్టర్లతో వెళ్లి ఎమ్మెల్యేకి మూడుసార్లు అర్జీ ఇచ్చింది. వెళ్లినప్పుడల్లా ఆయనకి శాలువా కప్పడం, ఫొటో దిగడం. ఆయన అర్జీ విప్పేలోగా మరో గుంపు శాలువాలతో లోపలికి దూరేది.

"ఆ శాలువా నాకిచ్చింటే మేకల కాడ చలికి కప్పుకుంటా ఉంటిని పాపా," అని నవ్వేవాడు సిద్దప్ప.

వానాకాలంలో సిద్దప్పనే పాము కరిచింది. ధర్మపురి చేరేలోగా దారిలోనే పోయాడు.

ఎమ్మెల్యే పూలదండతో వచ్చాడు. "ఊళ్లో మందు లేదని నాకొక్క మాట చెప్పకూడదా అమ్మా?" అని అరవంలో కీర్తికనే నిలదీశాడు.

ఆ మూడు ఫొటోలూ తీసిన మనిషే కెమెరా ఎత్తి, "కొంచెం దగ్గరికి జరగండి డాక్టరమ్మా," అన్నాడు.

అలవాటైన కాళ్లు జరిగాయి.