శ్రీలత పెట్టిన బొట్టు

కోకాపేటలో ఒక యుద్ధ విమానాన్ని కుంకుమ బొట్టు ఒకటి అంగుళం కదలనివ్వలేదు. శత్రువుల వల్ల కాని పని శనగగింజంత కుంకుమ వల్ల అయింది.

సరే, విమానం అంటే పూర్తి విమానం కాదు. పైలట్ కూర్చునే ముందు భాగం ఒక్కటే. అదీ ప్లైవుడ్‌తో కట్టింది, ఆఫీసు భవనం డాబా మీద ఎండకు ఎండుతూ ఉండేది. ఎగిరే యోగం దాని జాతకంలోనే లేదు. కానీ బొట్టు మాట మాత్రం నిజం, అది పెట్టింది శ్రీలత అన్నదీ నిజం.

శ్రీలతది గోపన్‌పల్లి. నాన్న జొన్న వేసిన చేను మీద అపార్ట్‌మెంట్లు లేస్తే, అందులోనే ఒక ఫ్లాట్‌లో తల్లి భూలక్ష్మితో ఉంటోంది. ఎలక్ట్రానిక్స్ చదివి, కొన్నేళ్ళు బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ రాసి, ప్రాణం విసిగి ఈ చిన్న కంపెనీలో చేరింది. విమానంలో పైలట్ ఎదురుగా ఒక తెర, తెర చుట్టూ మీటలు ఉంటాయి. మీట నొక్కితే ఇంధనమెంతో, ఎత్తెంతో, దారేదో తెర మీద కనిపిస్తుంది. విదేశీ కంపెనీ ఒకటి అలాంటివి తయారుచేసి అమ్ముతుంది. వాటిని కొని, మీటల పేర్లు, ముందు పలక, తెర మీది బొమ్మలు మన సైనిక విమానానికి తగ్గట్టు మార్చడం శ్రీలత పని. తెర వెనకున్న పెట్టె మాత్రం విప్పకూడదు. విప్పితే కంపెనీవాళ్ళు మాకు సంబంధం లేదంటారు.

ఇదంతా ఒకసారి తల్లికి విడమరిచి చెప్పింది. భూలక్ష్మి చాటలో బియ్యం ఏరుతూ వింది.

"అంటే రెడీమేడ్ జాకెట్ కొని సంకల కాడ ఇప్పి కుట్టుడే గద. ఇంత సదువు సదివి ఆల్టరేషన్ దుకాణం పెట్టినవా బిడ్డా" అంది.

శ్రీలతకు ఒళ్ళు మండింది. తన ఉద్యోగం గురించి అంతకన్నా సరిగ్గా ఎవరూ చెప్పలేదు మరి.

జాకెట్టు తొడుక్కునే మనిషి విశ్వనాథం గారు. రిటైరైన పైలట్, రాజమండ్రి వైపు మనిషి. తెరను పరీక్షించి సరే అనవలసింది ఆయనే. ఎంతో మర్యాదగా మాట్లాడుతూ ప్రాణాలు తోడేసేవారు. గ్లవ్స్ వేసుకుంటే మీటలు ఇరుకుగా ఉన్నాయన్నారు. ఎడం చేసింది. ఎడం చేశాక చేయి అందడం లేదన్నారు. దగ్గర చేసింది. తర్వాత తెర పైన మధ్యలో ఉన్న నాబ్ మీద పడ్డారు. తెర వెలుగు పెంచడానికీ తగ్గించడానికీ అది.

"ఇదెందుకండీ? నా సర్వీసులో ఒక్కనాడు ముట్టుకోలేదు. తీసేసి కిందెక్కడైనా దారి చూపే మీట ఇంకోటి పెట్టించండి" అన్నారు.

తీసేసింది. ఇక వెలుగు సంగతి తెరే చూసుకోవాలి. నాబ్ ఉన్నచోటికి పక్కనే, ఆవగింజంత గాజు కన్ను ఒకటి ఉంది. ఎండ పడితే తెర వెలుగు పెంచుతుంది, చీకటైతే తగ్గిస్తుంది. బైబిల్లో యోబు అనే భక్తుణ్ణి పరీక్షించిన సాతాను కూడా విశ్వనాథం గారిలా ఇన్ని రకాలుగా పీడించలేదు.

అంతలో దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు ల్యాబ్‌లో మీటర్లకు, సోల్డరింగ్ సామానుకు, చివరికి కాఫీ మిషన్‌కు కూడా బొట్లు పడ్డాయి. తెరకు మాత్రం శ్రీలత స్వయంగా పెట్టింది. మనిషికి నుదురెక్కడో తెరకూ అక్కడే, పైన మధ్యలో, గంధం మందంగా అద్ది దానిమీద కుంకుమ దిద్దింది. ఈసారన్నా విశ్వనాథం గారితో సరే అనిపించమని అమ్మవారికి మొక్కుకుంది.

పండుగ తర్వాత తెరను డాబా మీదికి ఎక్కిస్తే మసకబారిపోయింది.

"అమ్మా, ఇందులో నాకు నా మొహం తప్ప ఇంకేం కనిపించట్లేదండీ" అన్నారు విశ్వనాథం గారు.

కిందికి ల్యాబ్‌కు తెస్తే శుభ్రంగా కనిపించింది. పైకి తీసుకెళ్తే మళ్ళీ మసక. శ్రీలత సాఫ్ట్‌వేర్ తిరగరాసింది. వైర్లన్నీ మార్చింది. నాసిరకం సరుకు అంటగట్టారని విదేశీ కంపెనీని మెయిళ్ళలో దులిపేసింది. మా సరుకు బాగానే ఉంది, మీరేమైనా పెట్టె విప్పారా అని వాళ్ళు చల్లగా అడిగారు. ఆ చల్లదనానికి ఆమెకు ఇంకా మండింది. అన్నం సహించేది కాదు, ఇంట్లో మిక్సీ తిరగకపోయినా అరిచేది.

బొట్టు అందరి కళ్ళ ముందే ఉంది. రోజూ ల్యాబ్ తుడిచే సత్తెమ్మ దాని చుట్టూ జాగ్రత్తగా తుడిచేది. దేవుడి పేర పెట్టిన బొట్టు చెరిపేంత ధైర్యం ఆ అంతస్తులో ఎవరికీ లేదు. గంధం ఎండి పెచ్చు కట్టింది.

మేనేజర్ రాజేందర్ చివరి మాట చెప్పేశాడు.

"ఇగ నాతోని కాదు శ్రీలతా. రేపు గూడ గిట్లనే ఉంటే మిలిటరోళ్ళు పని ఆ ఫారిన్ కంపెనీకే ఇస్తరు. మీ టీమ్ మొత్తం ఇంటికి, నువ్వు మళ్ల బ్యాంకుల సాఫ్ట్‌వేర్‌కే."

మర్నాడు మిట్టమధ్యాహ్నం. విశ్వనాథం గారు గ్లవ్స్ తొడుక్కుని ప్లైవుడ్ విమానంలో కూర్చున్నారు. తెర ఎప్పటిలాగే మసక. రాజేందర్ శ్రీలతను చూడకుండా ఫోన్ చూసుకున్నాడు. బ్యాంకు లాగిన్ పేజీలు ఆమె కళ్ళ ముందు వరసగా తిరిగాయి.

విశ్వనాథం గారు చిరాకుగా నిట్టూర్చి, తెర పైన మధ్యలోకి చేయి పోనిచ్చారు. ఒక్కనాడూ ముట్టుకోని ఆ నాబ్ కోసం! వేళ్ళు లేని నాబ్‌ను తడిమి, పక్కనున్న బొట్టును రుద్దేశాయి. పెచ్చు ఊడి ఆయన ఒళ్ళో పడింది, దాని కింద గాజు కన్ను బయటపడింది. తెర భగ్గున వెలిగింది.

ఆయన గ్లవ్ వైపు చూసుకున్నారు. ఎర్రగా ఉంది.

"ఇదేమిటమ్మా, దెబ్బ తగిలిందా నాకు?"

"కుంకుమ సార్" అంది శ్రీలత.

రాజేందర్ తెరను చూశాడు, ఆమెను చూశాడు. "నువ్వే పెట్టినవా?" అన్నాడు. ఆమెకు విదేశీ కంపెనీకి రాసిన మెయిళ్ళు ఒక్కొక్కటీ గుర్తుకొస్తున్నాయి.

విశ్వనాథం గారు మీటలన్నీ నొక్కి చూసి, సరే అన్నారు. దిగుతూ దిగుతూ వెనక్కి తిరిగారు.

"అన్నట్టు, ఆ నాబ్ మళ్ళీ పెట్టించేయండమ్మా. చేయి అటే పోతోంది."

సత్తెమ్మది కూడా గోపన్‌పల్లే. శ్రీలత ఇల్లు చేరేసరికి వార్త ముందే చేరింది. భూలక్ష్మి పొయ్యి దగ్గర నవ్వాపుకుంటూ నిలబడి ఉంది.

"బొట్టు తుడిస్తె విమానం లేసిందంటగ బిడ్డా?"

శ్రీలత చెప్పులు విడిచింది.

"ఎవరు చెప్పిన్రు? మా దగ్గర పూజ గాలే. నేను బొట్టు పెట్టలే. నాబ్ తీయలే. అసలు మా ఆఫీసుల విమానాల పనే ఉండదు."