పడ్డాక చెప్పిన మాట

యూనివర్సిటీలో నాట్యం నేర్పే ఆమెను పిల్లలు చాటుగా 'గడియారం మేడమ్' అనేవారు. వానొచ్చినా వరదొచ్చినా తరగతికి ఆలస్యమయ్యేది కాదు. ఒంటరి మనిషి. ఇంట్లో ఆమె అలికిడి తప్ప మరో అలికిడి లేదు.

ఉదయం తరగతులు, మధ్యాహ్నం మీటింగులు, సాయంత్రం వార్షికోత్సవం రిహార్సళ్లు. ఒక మాస్టారు రిటైరైతే ఆయన మధ్యాహ్నపు తరగతులూ ఆమె నెత్తినే పడ్డాయి. కొత్తవాళ్లు వచ్చేదాకా సర్దుకోమన్నారు హెడ్డుగారు. ఆమె సర్దుకుంది గానీ కుడి మోకాలు సర్దుకోనంది. ఆడలేని టీచరును ఎవరుంచుకుంటారన్న భయంతో నొప్పిని పంటి బిగువున దాచింది.

ఒక సాయంత్రం గెంతు చూపిస్తుంటే మోకాలు కలుక్కుమని ఆమె కింద పడిపోయింది. ఆమె ఏం చేస్తే అది చేయడం అలవాటైన పిల్లలు, ఇదీ నాట్యంలో భాగమే అనుకుని టపటపా నేలకు వాలారు. అద్దంలో ఆ వరస చూసి ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే కళ్లు నిండాయి. పిల్లలు తర్వాతి అడుగు కోసం పడుకునే ఎదురుచూస్తున్నారు.

"ఇది స్టెప్పు కాదమ్మా. పడ్డాను. లేవలేకపోతున్నా, కాస్త చెయ్యివ్వండి."

ముందు ఎవరూ కదల్లేదు. తర్వాత వెనక వరసలోని పొడుగుపిల్ల వచ్చి లేపింది. నొప్పి ఎప్పటినుంచని ఆ పిల్ల అడిగితే, పోయినేడాది నుంచి అని ఆమె మొదటిసారి నిజం చెప్పింది.

డాక్టరు గెంతులు మానమన్నాడు. కబురందుకుని వచ్చిన అక్క కొన్నాళ్లుండి, వండిపెట్టి, చీవాట్లూ పెట్టింది.

"ఆ కాలు నీదా, యూనివర్సిటీదా?"

అక్క వెళ్లాక ఇల్లు మునుపటికంటే పెద్దదనిపించింది. ఆమె కుర్చీలో కూర్చుని చేతులతో, గొంతుతో పాఠం చెప్పింది. ఎవరైనా అడుగు తప్పితే లేవబోయి, ఆగిపోయేది. వార్షికోత్సవం బాగానే జరిగింది. వేదిక మీద అందరికీ దండలు వేశారు. తెర వెనక కూర్చున్న ఆమెను పిలవడం మరిచారు. మాస్టారి తరగతులు మాత్రం ఎట్టకేలకు వేరేవాళ్లకిచ్చారు.

చేతికొచ్చిన ఖాళీ మధ్యాహ్నాన్ని ఏం చేసుకోవాలో తోచక, కర్ర పట్టుకుని వీధి చివరిదాకా నడిచింది. ఏళ్ల తరబడి చీకటితో వెళ్లి చీకటి పడ్డాక వచ్చిన వీధి అది. కూరలమ్మే ఆమె తలెత్తి చూసింది.

"కొత్తగా దిగారా అమ్మా ఇక్కడ?"

"అవునమ్మా, కొత్తే," అని ఆమె పక్కనున్న అరుగు మీద కూర్చుంది.