మబ్బుకొండలో మామిడికాయ రాలేదాకా

మబ్బుకొండకు నేను పదేళ్లుగా వెళ్లి వస్తున్నాను. రైలెక్కింది మాత్రం మొన్న మార్చి నెలాఖరున, మొదటిసారి.

విశాఖ పూర్ణా మార్కెట్లో మాది తాళ్ల కొట్టు. కొబ్బరి తాడు, నైలాను తాడు, పడవల మోకులు అమ్ముతాం. కొనడానికి వచ్చినవాడు నేను బారలు కొలిచేదాకా నిలబడాలి, నిలబడినవాడికి ఏదో ఒకటి చెప్పాలి. అలా చెప్పుకొచ్చిన వాటిలో మబ్బుకొండ జాతీయ వనం ఒకటి. అక్కడ మబ్బు ఎంత చిక్కగా ఉంటుందంటే, ఓసారి నా మోకుతో ఒక మబ్బును చెట్టుకు కట్టేసి పడుకున్నాను, తెల్లారి చూస్తే దాని కింద ఎలుగుబంటి స్నానం చేస్తోంది. వన్ టౌన్‌లో సగం మంది ఇప్పటికీ నన్ను ఆ ఎలుగుబంటి క్షేమం అడుగుతారు.

సింహాచలం బావ ఒక్కడే నమ్మడు. మా అక్క మొగుడు, స్టీలు ప్లాంటులో క్రేను ఆపరేటరు. టన్నుల బరువును అంగుళం తేడా లేకుండా దించే మనిషి, మాటనూ అలాగే దించుతాడు. అతను అబద్ధం ఆడగా మా ఇంట్లో ఎవరూ వినలేదు. "సూద్దాం పద బావా, నువ్వు కట్టేసిన మబ్బు ఉందో, తెంపుకు పోయిందో. నాను సాచ్చీకి వత్తాను" అన్నాడు. తప్పించుకోవడానికి దారి లేకపోయింది.

పొద్దున ఆరు యాభైకి విశాఖలో పాసింజరు కదిలింది. వెళ్లాలనుకునేవాళ్లు ఆరింటికే ప్లాట్‌ఫాం మీద ఉండండి, కిటికీలు అప్పుడే నిండిపోతాయి. శృంగవరపుకోట దాటాక రైలు కొండెక్కడం మొదలుపెట్టింది. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టె అంతా కళ్లు మూసుకున్నట్టయ్యేది. తెరిచేసరికి కొండ ఇంకొంచెం దగ్గరికి జరిగి కూర్చునేది. లోయలో మంచు పాలమీగడలా కట్టి ఉంది. బావ సొరంగాలు లెక్కపెడుతున్నాడు. నేను పదకొండో దాంట్లో నిద్రపోయి పదమూడో దాంట్లో లేచాను.

లేచాక ఆకలేసింది. మార్కెట్లో కొన్న పచ్చి మామిడికాయలు తీసి ముక్కలు కోసి, ఉప్పూకారం అద్ది, ఎదురుగా కూర్చున్న ముసలామె ముందు పెట్టాను. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"కొత్త ముట్టలేదు బాబూ. మా ఊరోళ్లెవరూ ముట్టలేదు."

ఆమె పేరు సోములమ్మ. ఆ కొండల్లో ఏటా మొదటి మామిడికాయ జాకరమ్మ రాయి ముందు పెట్టి, ఆ తల్లి తిన్నాకే మనుషులు తింటారు. దాన్నే కొత్త ముట్టడం అంటారు. అప్పటిదాకా ఇంట్లో చెట్టుకు గుత్తులు వేలాడుతున్నా పిల్లలు చూసి గుటకలు మింగాల్సిందే. వాళ్ల ఊరు జోడుమామిడి ఇప్పుడు కొండ కింద కాలనీలో ఉంది. జాతీయ వనానికి గీత గీసినప్పుడు ఊరిని కిందికి దింపారు. రాయి గీతకు లోపలే ఉండిపోయింది. పోయినేడు మామిడికాయలు పట్టుకుని వెళితే గేటు దగ్గరే వెనక్కి పంపారట. దాంతో ఏడాది పొడుగునా ఊళ్లో ఒక్కరు కూడా మామిడి తినలేదు. పచ్చీ లేదు, పండూ లేదు, ఊరగాయా లేదు.

పూజ చెయ్యాల్సింది సోములమ్మ ఇంటివాళ్లే. అందుకని ఈసారి ముందే విశాఖ వచ్చి, సీతమ్మధారలో ఇళ్లలో పని చేసే కూతురి దగ్గర పడుకుని, రెండు రోజులు ఒక ఆఫీసు బల్ల మీద కూర్చుని కాగితం సంపాదించింది. దాన్ని నాకిచ్చి చదవమంది. సదరు స్థలమును సందర్శించుటకు అభ్యంతరము లేదు అని ఉంది. చూడ్డానికి అభ్యంతరం లేదన్నారు గాని, పెట్టడానికి, పూజకు అన్న ముక్కే లేదు. తేదీ కూడా ఆ ఒక్క రోజుదే. ఈ రోజు తప్పితే ఏమవుతుందని అడిగాను.

"ఏటవుద్ది, మళ్లీ పై ఏడే. పిల్లల మొకాలు సూళ్లేను బాబూ."

అప్పుడు నా నోరు ఊరుకోలేదు. ఆ వనం పెద్దాఫీసరు మన కొట్లోనే తాడు కొంటాడని, నేను కనిపిస్తే కుర్చీలోంచి లేస్తాడని చెప్పాను. పూర్ణా మార్కెట్లో అయితే నవ్వేవాళ్లు. ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రొంటిన దోపుకుని, "అయితే బయం నేదు" అని కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. నా మాట నమ్మి ఎవరైనా నిద్రపోవడం అదే మొదలు. కోసిన ముక్కల్ని నేను మళ్లీ పొట్లం కట్టేశాను. ఎందుకో తినబుద్ధి కాలేదు.

పదకొండు గంటలకు దిగాం. స్టేషను బయట సర్వీసు జీపులుంటాయి, పదిహేనుమంది ఎక్కితేగాని కదలవు. పన్నెండున్నరకు వనం గేటు చేరాం. గేటు మీద సిమెంటు పులి నోరు తెరిచి ఉంది. దాని ముందు బస్సులు తిప్పుకునేంత పార్కింగు. సోములమ్మ దాని మధ్యలో ఆగి, "ఇది మా సోడి సేను" అంది. రాగులు పండిన ఆ చేని గట్లు ఎక్కడుండేవో కాలి వేలితో గీసి చూపించింది. తెల్లగీతల మధ్య ఒక కారువాడు హారను కొడితే పక్కకు తప్పుకుంది.

వెళ్లేవాళ్లు ఇది గుర్తుంచుకోండి. టికెట్టు ఫోనులోనే కొనాలి, గేటు దగ్గర సిగ్నలు లేదు. సిగ్నలు కోసం ఒక ఫర్లాంగు వెనక్కి నడిచి ఒక దిబ్బ ఎక్కాలి. అక్కడ టీ అమ్మే ఆమె దానికి టికెట్టు దిబ్బ అని పేరు పెట్టింది. అక్కడే ఇడ్లీ తిని మూడు టికెట్లు కొన్నాం. ఫోను లేని సోములమ్మ తన పొలం మీదుగా తన దేవత దగ్గరికి వెళ్లడానికి నా ఫోనులో పర్యాటకురాలైంది.

గేటు దగ్గర ఉన్నవాడు లచ్చన్న. ముప్పై ఏళ్లుంటాయి, ఖాకీ చొక్కా, మెడలో విజిలు. సోములమ్మకు స్వయానా తమ్ముడి కొడుకు. బయటి తిండి లోపలికి పోకూడదని ఆమె సంచిలో నాలుగు కాయల్నీ, నా పొట్లాన్నీ తీసి బల్ల మీద పెట్టాడు. లోపలి కాయలు కోస్తే జరిమానా అని పక్కనే బోర్డు. బయటి కాయ లోపలికి రాకూడదు, లోపలి కాయ చెట్టు దిగకూడదు. జాకరమ్మ ఏం తినాలో బోర్డు చెప్పలేదు.

సోములమ్మ నా వైపు చెయ్యి చాపి, ఈ బాబుకి మీ పెద్దాఫీసరు తెలుసంది. లచ్చన్న చూశాడు.

"ఆయన పేరేటి సార్?"

ఎలుగుబంటికి పేరు పెట్టినవాణ్ణి, ఒక ఆఫీసరుకు పెట్టలేకపోయాను. బావ సిమెంటు పులి పళ్లు చూస్తూ నిలబడ్డాడు. సోములమ్మ ఖాళీ సంచిని మడిచి చంకలో పెట్టుకుంది. ఏదైనా అని ఉంటే బాగుండేది.

లచ్చన్న గొంతు తగ్గించాడు. "నానూ పోయినేటి నుంచీ ముట్టలేదత్తా. ఈ గేటు పైన కెమేరా ఉంది. పతీదీ పుస్తకంలో రాయాల. ఈ కొలువు పోతే మళ్లీ సిమెంటు పనికి పోవాల."

రెండింటికి బ్యాటరీ బండి ఎక్కాం. లచ్చన్నే గైడుగా వచ్చాడు. నిజం చెప్పాలంటే, అది నాకు అలవాటు లేని పని గాని, అడవి బాగుంది. ఒక్క ప్లాస్టిక్ ముక్క లేదు. చెట్ల మధ్య వెలుతురు నీళ్లలోంచి వచ్చినట్టు ఆకుపచ్చగా వచ్చింది. ఏదో పిట్ట ఒకే మాటను మళ్లీ మళ్లీ అడుగుతోంది. కాపాడారు, కాదనను. కాని నడవనివ్వరు. కాలినడకకు జంతువులు బెదురుతాయట. మలుపు తిరిగితే కాటేజీల కోసం సిమెంటు మిక్సరు తిరుగుతోంది, ఈతకొలను తవ్వుతున్నారు. దానికి మాత్రం బెదరవని ఎవరు వెళ్లి జంతువుల్ని అడిగారో తెలియదు. సోములమ్మ ముళ్లు ఏరుకుంటూ నడిచిన దారి రాళ్లు పరిచిన రోడ్డయింది. దాని మీద ఆమె కాలు పెట్టకూడదు.

బండి ఆగిన చోట అందమైన బోర్డు ఉంది. మానవ స్పర్శ ఎరుగని ఆదిమ అరణ్యం అని బంగారు అక్షరాలు. దాని వెనకే రెండు మామిడిచెట్లు, ఎడం కొలిచి నాటినట్టు, పక్కపక్కన. కింద బండలో తొలిచిన రోలు. సోములమ్మ వంగి రోట్లో చెయ్యి పెట్టి ఎండుటాకులు తీసింది. అందులో వాళ్ల అత్త చోళ్లు దంచేదట. లోపల అరిచెయ్యిలా నున్నగా ఉంది. నేను ముప్పై ఏళ్లుగా కోతలు కోస్తున్నవాణ్ణి, ఈ విషయంలో నా మాటకు విలువ ఉండాలి. ఇంత పెద్ద అబద్ధం నేనెప్పుడూ ఆడలేదు. నేను లేని ఎలుగుబంటిని ఉందన్నాను గాని, ఉన్న ఊరిని లేదనలేదు.

చెట్ల నడుమ జాకరమ్మ రాయి, మోకాలెత్తు. ఆమె చుట్టూ ఊడ్చింది. చెట్టెక్కడమా, కర్రతో కొట్టడమా అంటే ఒప్పుకోలేదు. లచ్చన్న పుస్తకంలో రాయాలి, రాస్తే వాడి కొలువు పోతుంది. "రాలిన కాయని కోసినట్టు రాయరు గదా. రాలేదాకా కూకుంటాను" అంది. ఆఖరి బండి నాలుగున్నరకు.

కూర్చున్నాం. మార్చిలో పిందె ముదిరిన కాయ ఊరికే రాలదు. పైన కాయలు ఆకుల్లో నిద్రపోతున్నట్టున్నాయి. గాలి ఎక్కడికో ఊరెళ్లినట్టుంది. ఎండ ఆకుల్లోంచి దిగి ఆమె చీర మీద మెల్లగా జరుగుతోంది. ఏదో ఒకటి చెప్పమంది. నా మబ్బు కథ చెప్పాను, మోకు, ఎలుగుబంటి, అంతా. ఆమె నవ్వలేదు. రాయి మీద రాలిన ఆకు తీసేసి అడిగింది.

"ఆ మబ్బుకి తాడు ఇప్పేవా బాబూ?"

విప్పలేదన్నాను.

"పాపం, ఎక్కడిదో. దాని ఊరు దానికుంటాది గదా."

పదేళ్లలో ఆ సంగతి నాకు తట్టలేదు.

మూడున్నరకు ఒక కాయ పడింది. చిలక కొట్టిన కాయ. ఎంగిలి తల్లికి పనికిరాదని పక్కన పెట్టింది. నాలుగింటికి కొమ్మకు వేసి లాగుదామని నా సంచిలోంచి నైలాను తాడు తీశాను. లచ్చన్న విజిలు మీద చెయ్యి వేశాడు, సోములమ్మ తల అడ్డంగా ఊపింది, తాడు సంచిలోకి వెళ్లిపోయింది. నాలుగూ ఇరవైకి కింద బండి హారను వినిపించింది. ఆమె రాయి వైపు తిరిగి కళ్లు మూసుకుంది. అడుగుతోందో, క్షమించమంటోందో తెలియలేదు.

బావ రెండు గంటలుగా తల పైకెత్తి, బరువు ఏ గొలుసు మీద ఉందో చూసే కళ్లతో ఒకే కొమ్మను చూస్తున్నాడు. ఇప్పుడు లేవబోయాడు. మోకాళ్లు పట్టేసినవాడిలా చెయ్యి చాపి, దిగువ కొమ్మను పట్టుకుని, దాని మీద ఒళ్లంతా వేసి లేచాడు. ఎక్కడ ఎంత బరువు వెయ్యాలో తెలిసిన చెయ్యి అది. రాయికి జానెడు దూరంలో ఒక్కటంటే ఒక్క కాయ పడింది. దాని సొన ఇంకా కారుతోంది.

లచ్చన్న పుస్తకం తీశాడు. "ఏటైంది సార్?"

బావ చేతికంటిన బెరడు పొడి ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"గాలి" అన్నాడు.

రెండు చెట్లలో ఒక్క ఆకు కదలడం లేదు. లచ్చన్న ఆ ఆకుల్ని చూశాడు, బావను చూశాడు, పుస్తకంలో రాసుకున్నాడు. సోములమ్మ కాయను కొంగుతో తుడిచి రాయి ముందు పెట్టి, తనలో తాను ఏదో చెప్పుకుని, బండకు కొట్టి పగలగొట్టింది. మొదటి ముక్క తల్లికి. రెండోది లచ్చన్నకు. వాడు టోపీ తీసి నోటికి అడ్డం పెట్టుకుని నమిలాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. పులుపుకే అన్నాడు.

ఆ రాత్రి కాలనీలో సోములమ్మ అరుగు మీద పడుకున్నాం. అంతకుముందే సందెవేళ ఊరంతా మామిడికాయ వాసన కమ్మింది. పిల్లలు ఉప్పు కూడా అడక్కుండా కొరికేశారు. పొద్దున ఏడింటి బస్సుకు బయల్దేరుతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఆఫీసరు సంగతి ఎత్తలేదు. "పై ఏడు కూడా ఈ గాలి బాబుని ఎంటబెట్టుకు రా" అని మాత్రం అంది.

బస్సు ఘాట్ రోడ్డు దిగుతోంది. లచ్చన్న తిరిగిచ్చిన పొట్లం విప్పితే ముక్కలు నల్లబడి వాడిపోయాయి. ఇద్దరం ఒక్కటి కూడా వదలకుండా తిన్నాం. నాకు మాత్రం గేటు కళ్లలోంచి పోలేదు. పార్కింగుకు చోటుంది, ఈతకొలనుకు చోటుంది. ఒక ఊరు మామిడికాయ తినాలంటే మాత్రం ఏటా ఒక నిజాయితీపరుణ్ణి విశాఖ నుంచి పట్టుకెళ్లాలి. బావకు మోకాళ్లు ఎన్నేళ్లు పనిచేస్తాయో మరి.

కొట్లో అడిగితే ఏం చెబుతావని బావను అడిగాను. సాక్షిగా వచ్చినవాడు కదా. కిటికీలోంచి చూశాడు. లోయ మలుపులో ఒక మబ్బు చెట్టుకు తగులుకుని ఉంది, మెల్లగా ఊగుతోంది.

"సెప్పడానికేటుంది, గాలికి పడింది" అన్నాడు. తర్వాత మబ్బు వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "ముందు దాని తాడిప్పేసి రా బావా. బస్సు ఆపుతాను."