వజ్రమ్మ దస్తకత్

గౌరయ్య తన ఇంటిని ఆటోవాళ్ళ సంఘానికి కిరాయికి ఇచ్చాననే అనుకున్నాడు. ఇందులో ఆయన తప్పు ఏమంత లేదు. 2011 ఎండాకాలంలో మచ్చ బొల్లారంలోని ఆ మూడు గదుల ఇల్లు అడగడానికి వచ్చిన షుకూర్, ఖాకీ చొక్కా వేసుకుని ఆటో నడుపుకుంటూనే వచ్చాడు. అందులోంచి దిగిన వజ్రమ్మ "ఆటిజం పిల్లల సంఘం కాకా" అని చెప్పింది. గౌరయ్య చెవికి మొదటి ముక్కే ఎక్కింది. ఆటోవాళ్ళంటే పొద్దున పోయి రాత్రికి వచ్చే మనుషులు, ఇల్లు పాడుచేయరు అనుకుని తాళంచెవి చేతిలో పెట్టేశాడు. సోమవారం వచ్చి చూస్తే ఏముంది, వాకిట్లో ఎనిమిదిమంది పిల్లలు. ఒకడు నల్లా కింద చేయి పెట్టి నవ్వుతున్నాడు. ఒకతె తన చుట్టూ తాను తిరుగుతోంది. ఇంకొకడు గోడకు ఆనుకుని ఒకటే రాగం తీస్తున్నాడు.

"ఆటోలేవి?" అన్నాడు గౌరయ్య.

"ఒక్కటే ఉన్నది కాకా, గాడ జూడు" అంది వజ్రమ్మ, షుకూర్ బండి చూపించి.

ఇలా జవాబు చెప్పడం వజ్రమ్మకు పుట్టుకతో వచ్చింది కాదు. రావల్కోల్‌లో పుట్టి, ఏడో తరగతితో బడి మానేసి, తాపీ పని చేసే పర్వతాలును చేసుకుని మచ్చ బొల్లారం వచ్చింది. ఇంట్లో జాకెట్లు కుట్టుకుంటూ బతికిన మనిషి. ఎవరైనా గట్టిగా మాట్లాడితే మిషను ఇంకాస్త జోరుగా తొక్కేదే తప్ప తలెత్తేది కాదు. అలాంటి మనిషికి నోరు తెప్పించింది ఆమె కూతురు బిందు. ఆ పిల్లకేమో ఒక్క మాటా రాదు.

నాలుగేళ్ళు నిండినా బిందు అమ్మా అనలేదు. పిలిస్తే తిరిగి చూడలేదు. తలుపు తెరిచి ఉంటే చాలు, రోడ్డు మీదికి ఒకటే పరుగు. చుట్టాలు తలా ఒక మాట అన్నారు. గాలి సోకిందన్నారు, తల్లి పాపమన్నారు, సిగ్గులేకుండా తల్లి మొహం మీదే అన్నారు. ఇక్కడ ఒక సంగతి చెప్పక తప్పదు. వజ్రమ్మ రెండేళ్ళపాటు ఆ పిల్ల కాలును చీర పీలికతో కుట్టుమిషనుకు కట్టేసి పని చేసుకుంది. కొలతలివ్వడానికి ఎవరైనా వస్తే లోపలి గదిలో వేసి గొళ్ళెం పెట్టేది. పెళ్ళికీ తీసుకుపోలేదు, పేరంటానికీ తీసుకుపోలేదు. ఒకసారి కొత్తగా వచ్చిన ఒకావిడ "పిల్లలెందరు?" అని అడిగితే "లేరు" అనేసింది. ఆ పూట ఆమెకు ముద్ద దిగలేదు.

2009లో పెద్ద దవాఖానలో డాక్టరమ్మ చూసి, ఇది పిచ్చి కాదు, గాలి కాదు, దీన్ని ఆటిజం అంటారని చెప్పింది. మందు లేదు, ఓపికగా నేర్పడమే ఉందని కూడా చెప్పింది. బయట వరండాలో బెంచీ మీద కూర్చుని ఆ మాటను తలలో తిప్పుకుంటుంటే, పక్కనున్న పిల్లవాడు వజ్రమ్మ చేయి పట్టుకుని కసుక్కున కొరికాడు. వాడు దేవరయాంజాల్ ఊరి షుకూర్ కొడుకు ఉబేద్. షుకూర్ ప్రాణాలు పోయినట్టు బతిమాలాడు, "మాఫ్ చెయ్యి అక్కా, వానికి తెల్వదు" అని. వజ్రమ్మకు కోపం రాలేదు సరికదా, నవ్వొచ్చింది. ఇంకొకరి పిల్లవాడు కూడా ఇలా చేస్తాడని కళ్ళారా చూడటం ఆమెకు అదే మొదలు. చేయి మండుతున్నా ప్రాణం లేచొచ్చింది.

ఆ కరిచిన చోటు నుంచే సంఘం పుట్టిందని షుకూర్ ఇప్పటికీ అంటాడు. మేడ్చల్ నుంచి ముగ్గురు, శామీర్‌పేట నుంచి ముగ్గురు కలిశారు. అందరూ తల్లిదండ్రులే, పెద్ద చదువు ఒక్కరికీ లేదు. వారానికి రెండు రోజులు ఒక టీచరమ్మ వచ్చి తల్లులకు నేర్పేది, తక్కిన రోజులు తల్లులే పిల్లలకు నేర్పేవాళ్ళు. వాళ్ళు పెట్టుకున్న నియమం ఒకటే: పాఠం నేర్పేటప్పుడు ఎవరి పిల్లను వాళ్ళు పట్టుకోకూడదు. కన్నతల్లి ఉందే, పిల్ల అడగకముందే నీళ్ళిస్తుంది, కళ్ళు తిప్పితే చాలు బిస్కెట్ పెడుతుంది. ఇక పిల్ల అడగడం ఎప్పుడు నేర్వాలి? అందుకని బిందును షుకూర్ పట్టుకునేవాడు, ఉబేద్‌ను వజ్రమ్మ పట్టుకునేది.

రోజూ సాయంత్రం నాలుగింటికి బయటి పాఠం. ఎనిమిదిమందినీ చేతులు పట్టుకుని వీధి చివరి కిరాణా కొట్టు దాకా నడిపించేవాళ్ళు. బిందు చేతిలో బూందీ పొట్లం బొమ్మ ఉన్న అట్టముక్క ఒకటి. దాన్ని కొట్టాయనకు చూపించి పొట్లం తెచ్చుకోవాలి. మూడు నెలలు చూపించలేదు. నేల మీద పడి దొర్లింది, అట్ట నమిలింది. నాలుగో నెలలో ఒకరోజు చెయ్యి చాచి చూపించింది. వజ్రమ్మ నడివీధిలో నిలబడి ఏడ్చింది, ఎవరు చూస్తున్నారో కూడా చూసుకోలేదు.

చూసేవాళ్ళు చూస్తూనే ఉన్నారు. ఆ కాలనీ సంఘానికి అధ్యక్షుడు శ్రీనివాసరావు, పదవీ విరమణ చేసిన పెద్దమనిషి. ఒకరోజు గౌరయ్యను వెంటబెట్టుకుని వచ్చి, కేకల మీద ఫిర్యాదులు వస్తున్నాయంటూ చాలా మెత్తగా చెప్పాడు. గేటుకు ఎప్పుడూ తాళం ఉండాలి, వీధివైపు కిటికీలు మూసి ఉంచాలి, పిల్లలను రోడ్డు మీదికి తేకూడదు. ఒప్పుకుని కాగితం మీద సంతకం పెడితే ఉండొచ్చు. లేదంటే నెలాఖరుకు ఖాళీ చేయాలి.

ఆ సాయంత్రం తల్లిదండ్రులందరూ చాప మీద కూర్చున్నారు. సగంమందికి పైగా సంతకం పెడదామనే తలలూపారు.

"పెడదాం అక్కా" అన్నాడు షుకూర్. "గీ ఇంటికి ముందు ఎన్ని ఇండ్లు తిరిగినం? పిల్లలనంగనే తలుపులేసుకున్నరు. ఇది గూడ పోతే యాడికి పోదాం?"

"తాళమేస్తే ఇది బడి గాదు తమ్మీ, జేలు. జేలు నడుపుడు నాకు మస్తుగ తెలుసు, ఇంట్ల రెండేండ్లు నడిపిన. నేనైతే పెట్ట."

"పరేషాన్ చేస్తున్నవు అక్కా. ఇల్లు పోతే బిందుకు గూడ పాఠం పోతది గద?"

షుకూర్ అన్నదాంట్లో అబద్ధం లేదు. అయినా వజ్రమ్మ తల అడ్డంగానే ఊపింది.

ఆదివారం పొద్దున కాలనీ సంఘం గదిలో మీటింగు. కాలనీవాళ్ళు పాతికమంది దాకా వచ్చారు, పిల్లల సంఘం తరఫున వజ్రమ్మ, షుకూర్ ఇద్దరే. శ్రీనివాసరావు కాగితం చదివాడు. "నివాసితుల ప్రశాంతత దృష్ట్యా, పిల్లల భద్రత దృష్ట్యా" అని మొదలుపెట్టి పేజీ నిండా ఏవేవో దృష్ట్యా. ఆహా, పిల్లల మీద ఎంత ప్రేమ! ఒక్కరోజు ఆ గేటులోపలికి తొంగిచూసి పలకరించిన పాపాన పోలేదు గానీ, భద్రతట.

చదవడం అయ్యాక పెన్ను వజ్రమ్మ చేతికిచ్చాడు. వజ్రమ్మ కాగితాన్ని అటు తిప్పి వెనకవైపు చూసింది, తెల్లగా ఉంది.

"సారూ, మీ తెలుగు నాకు సమజ్ గాలే. నాకొచ్చిన తెలుగుల రాస్త" అంది.

బల్ల మీద వంగి ఒక్కో అక్షరం కూడబలుక్కుని రాసింది. రాసి పైకే చదివింది: "ఈ పిల్లలు మా కండ్లకు కనపడొద్దు."

గదిలో కుర్చీలు కిర్రుమన్నాయి. "ఛ ఛ, మేం అలా అనలేదు కదమ్మా" అన్నాడు శ్రీనివాసరావు.

"అన్నరు సారూ. గీ పక్క పేజీ నిండ గదే అన్నరు. మీకంటే ముందు నేనన్న." కింద తన పేరు రాసింది. వజ్రమ్మ. "కన్నబిడ్డను కట్టేసిన. పిల్లలు లేరని అబద్ధమాడిన. గందుకే మొదటి దస్తకత్ నాది. ఇగ మీరు పెట్టుండ్రి. నా పేరు కింద మీ పేరు, ఇంటి నంబరు. అందరు పెట్టినంక తాళం నేనే తెస్త."

అప్పటిదాకా ఆ సంగతి ఆ గదిలో షుకూర్‌కు తప్ప ఎవరికీ తెలియదు. పెన్ను మొదటి వరుసలోకి వెళ్ళింది. మొదటాయన కళ్ళజోడు తేలేదన్నాడు. రెండో ఆయన ఇంట్లో అడిగి చెప్తానన్నాడు. గౌరయ్య పెన్నును ముట్టుకోనైనా లేదు, వేడి గిన్నెను దాటించినట్టు కాగితంతో సహా పక్కకు నెట్టాడు.

పెన్ను అందుకున్నది వెనకింటి శేషారత్నం. దవాఖానలో నర్సు, ముక్కుసూటి మనిషి. అందరికంటే ఎక్కువసార్లు ఫిర్యాదు చేసింది ఆమే. అందరూ ఆమె వైపే చూశారు.

"నా గొడవ నిద్ర గురించి" అంది శేషారత్నం. "నైట్ డ్యూటీ చేసి వచ్చి పదింటికి పడుకుంటాను. ఆ టైములో కేకలు వింటే పిచ్చెక్కుతుంది. అది రాయండి, పెద్దక్షరాలతో సంతకం పెడతాను. పిల్లలు కనపడకూడదని నేనెప్పుడన్నాను? ఇది నా మాట కాదు." పెన్ను తిరిగిచ్చేసింది.

"గా ముచ్చట ముందుగాల్నే జెప్పొద్దా అమ్మా" అంది వజ్రమ్మ. "పది నుంచి ఒంటిగంట దాక పిల్లలను ముందుగదిల కూసుండబెడ్త. అయినా అరుస్తరు. కమ్మి అరుస్తరు."

"కాస్త తగ్గితే చాలు" అంది శేషారత్నం.

ఆ తర్వాత వరుసల్లో ఎవరూ పెన్ను అడగలేదు. కాగితం అందరినీ దాటుకుని మళ్ళీ బల్ల మీదికి వచ్చింది. మీటింగు వాయిదా వేద్దామంటూ శ్రీనివాసరావు దాన్ని మడవబోయాడు.

"ఆగుండ్రి సారూ" అంది వజ్రమ్మ.

కాగితం లాక్కుని పరిచి, దాని మీద ఉన్న ఒకే ఒక్క పేరును అడ్డంగా కొట్టేసింది. ఒక గీతతో ఆగలేదు, కాగితం చిరిగేదాకా గీసింది.

"ఇగ గీ మాట ఎవ్వలది గాదు. తాళం గూడ రాదు" అని కాగితాన్ని ఆయన చేతికే ఇచ్చింది.