గీతలక్క అడిగిన సందేహాలు

ఇనుప గేట్లు, కిటికీ జాలీలు తయారుచేసే ఆ దుకాణంలో ఆమెను అందరూ గీతలక్క అంటారు. పేరు పెట్టి పిలిచే మనిషి, అంటే ఆమె భర్త, పోయి కొన్నేళ్లయింది. ఆయన ఉన్న రోజుల్లో జాలీ డిజైను సుద్దముక్కతో నేలమీదే గీసేవాడు. ఒకదాన్నొకటి దాటుకుపోయే గీతల్లో అక్కర్లేని ముక్కల్ని ఆమె తడిగుడ్డతో తుడిచేది. ఇద్దరూ వంగి పనిచేస్తుంటే అప్పుడప్పుడూ తలలు ఢీకొనేవి. కొమ్ములొస్తాయంటూ ఆయన కావాలని మళ్లీ ఢీకొట్టేవాడు.

ఇప్పుడు దుకాణం మరిది చూసుకుంటున్నాడు. ముందు షెడ్డులోకి రేకు కోసే మిషను వచ్చింది, వెనక గదిలోకి కంప్యూటరు వచ్చింది. అందులో ఊరికే దొరికే డ్రాయింగు సాఫ్ట్‌వేరు ఒకటి వేసిచ్చి, "వదినా, ఇక నువ్వే గియ్యాలి" అన్నాడు మరిది. గీయడం, చెరపడం రెండు పనులూ ఆమె మీదే పడ్డాయి. మిషనుకి కళ్లు లేవు. పువ్వు మధ్యలో చిన్న గీత మిగిలిపోయినా సరే, దాని వెంటే పోయి రేకుని రెండు ముక్కలు చేసేస్తుంది. అందుకని గీతలు కలుసుకున్న ప్రతి చోటా ఆగి, ముందు హద్దు గీతను నొక్కి, తర్వాత కత్తిరించాల్సిన గీతను నొక్కి, ఏ వైపు ఉంచాలో చూపించి, మళ్లీ మొదటికి వచ్చేది.

ఒకసారి ఆసుపత్రి వరండాకి అడ్డుతెర జాలీ పని వచ్చింది. గొలుసులా ఒకదానిలో ఒకటి దూరిపోయి పువ్వుల్లా అల్లుకున్న వృత్తాలు. కత్తిరించినకొద్దీ పుట్టుకొస్తున్నట్టే ఉన్నాయి. మణికట్టు వాచింది. మరిది గుమ్మంలో నిలబడి, "తొందరేం లేదు వదినా, రేపటికి ఇస్తే చాలు" అని వెళ్లిపోయాడు.

తలప్రాణం తోకకొచ్చి, ఆ సాఫ్ట్‌వేరు వాడేవాళ్లు ఇంటర్నెట్టులో మాట్లాడుకునే గుంపులో తన కష్టం రాసింది. జవాబిచ్చినవాడు రిటైరైన సర్వేయరు. జీవితమంతా పొలాల హద్దులు గీసినవాడు. గీతలు దాటుకునే రెండు చోట్ల మధ్య ఉన్న ముక్కను ఒక్క నొక్కుతో తీసేసే ఆదేశం వేరే ఉందని, హద్దు చూపించే పనే లేదని రాశాడు. అన్ని వృత్తాలూ గీసి ఆ తర్వాత కత్తిరించడం దండగన్నాడు. "ఒక్క పువ్వుని శుభ్రం చేసుకో అమ్మా. దాన్నే తిప్పుతూ నకళ్లు పెట్టు. మిగతావాటికి చాకిరీ ఎందుకు?"

అలాగే చేసింది. మర్నాడు మధ్యాహ్నానికల్లా జాలీ తయారైంది. మరిది సంతోషించాడు. ఆమె కూడా సంతోషించింది గాని, చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాక ఏం చెయ్యాలో తోచలేదు. పని నత్తనడక నడిచిన రోజుల్లో సాయంత్రం ఎలా వచ్చేదో తెలిసేది కాదు. ఇప్పుడు ప్రతి మధ్యాహ్నం ఎదురుగా వచ్చి కూర్చుంటోంది. కీబోర్డు తుడిచింది. తుడిచిన బల్లనే మళ్లీ తుడిచింది. షెడ్డులో మిషను రొదకి తోడు పనివాళ్ల పరాచికాలు వినబడుతున్నాయి. వాటిలో ఆమెకు చోటు లేదు. ఆమె గుమ్మంలోకి వస్తే వాళ్లు మాట ఆపి, "ఏం కావాలక్కా?" అంటారు.

అందుకని ఇంకో సందేహం అడిగింది. తగులుతున్నట్టు కనిపించే గీతలు ఎందుకు తెగవని. పెద్దది చేసి చూడు, మధ్యలో వెంట్రుకంత సందు ఉంటుందన్నాడు, అప్పటికే ఆమెకు మాస్టారైపోయిన ఆ సర్వేయరు. నిజమే, ఉంది. ఆ తర్వాత వంపుల గురించి అడిగింది, మూలల గురించి అడిగింది. ఆయన ప్రతిదానికీ ఓపిగ్గా చెప్పేవాడు, చివర్లో భోంచేశావా అని అడిగేవాడు. కొన్నాళ్లకు సందేహాలు అయిపోయాయి. అప్పుడు తెలిసినవే అడగడం మొదలుపెట్టింది. ఒకరోజు బొమ్మలో కావాలనే ఒక ముక్క వదిలేసి, ఇది ఎందుకో పోవడం లేదని పంపింది.

జవాబు వెంటనే వచ్చింది. "ఇది రాక అడిగింది కాదమ్మా. నీ చెయ్యి నాకు తెలుసు."

దొంగ దొరికినట్టయింది. మొహం వేడెక్కి కంప్యూటరు ఆపేసింది. తర్వాత చాలా రోజులు ఆ గుంపు జోలికి పోలేదు. తీరా తెరిచేసరికి ఆయన రాసిన మాటలు ఎదురుచూస్తున్నాయి. కంటికి ఆపరేషను అట. రెండో కన్ను ముందునుంచీ అంతంతమాత్రం, కొన్నాళ్లు తెర చూడకూడదన్నారట. కింద ఫోను నంబరు ఉంది.

ఏమని చెయ్యాలో తెలియక రెండుసార్లు నంబరు నొక్కి ఆపేసింది. చివరికి చేసింది. గీతలక్కనని చెప్పింది. అవతల రేడియో సన్నగా మోగుతోంది.

"ఇవాళ ఏం గీస్తున్నావు?" అని అడిగాడాయన.

"మేడమెట్లకి జాలీ మాస్టారూ. ఆకులూ తీగలూ."

"నాకు కనబడదు కదా. నువ్వే చెప్పు, ఏది దేన్ని దాటుతోంది?"

ఆమె తెరకు దగ్గరగా జరిగి, చంటివాడికి కథ చెప్పినట్టు ఒక్కొక్క గీతా చెప్పుకొచ్చింది. పెద్ద తీగ కిందనుంచి లేచి రెండో ఆకు ఈనెను దాటుతోంది. "అయితే ఆకులోపలి ముక్క తీసెయ్" అన్నాడాయన. తీసేసింది. అక్కడ ఆకు తీగ మీదికి వచ్చి వాలినట్టయింది. ఆ మాటే చెబితే, ఊహించుకుంటున్నానన్నాడు.

"ఇంట్లో ఎవరూ లేరా మాస్టారూ?"

"కోడలు పనికెళ్లింది. రేడియో ఉంది గాని, అది దాని గోలే తప్ప మన గోడు వినదు."

ఆమె నవ్వింది. నవ్వు తనకే కొత్తగా వినబడింది.

ఫోను పెట్టేసరికి షెడ్డు ఖాళీ అయింది. ఎవరితోనని మరిది అడిగితే పని గురించేనంది. ఇంటికి వెళ్లి దీపం వేసి, గిన్నెలోంచే నాలుగు ముద్దలు నిలబడే తింది. ఇల్లు ఎప్పట్లాగే ఉంది. ఆకు తీగ మీద ఎలా వాలిందో ఇంకోలా చెప్పాల్సిందని మాత్రం చాలాసేపు అనుకుంది.

మర్నాడు బొమ్మ ముగించి మళ్లీ ఫోను చేసింది. "మాస్టారూ, ఇవాళ అడగడానికేం లేదు" అని ముందే చెప్పేసింది.

"సరే, కూర్చో" అన్నాడాయన, ఎదురుగా కుర్చీ ఉన్నట్టు.