జరీనా మేడమ్ నోటుబుక్

ల్యాబులో కణాలు పెంచే ఇంక్యుబేటర్ తలుపు తీయగానే వెచ్చని తేమగాలి ముఖానికి తగులుతుంది. ఆ క్షణంలో జరీనా మేడమ్ గుర్తుకొస్తారు. గుర్తుకొచ్చిన ప్రతిసారీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మహబూబాబాద్‌లో నేను డిగ్రీ చదివేటప్పుడు ఆమె జువాలజీ చెప్పేవారు. గూడూరు దగ్గరి తండా నుంచి వచ్చిన నేను చివరి బెంచీలో నోరు విప్పకుండా కూర్చునేదాన్ని. ఒకరోజు, రోగాలతో పోరాడే టి-కణాల గురించి చెబుతూ నన్నే లేపారు.

"ల్యాబు ప్లేటుల తిండి మస్తుగున్నా గీ కణాలు కొన్ని రోజులల్లనే చస్తయ్. ఎందుకు, సరితా?"

లేచి, పక్కమ్మాయి పుస్తకంలోకి చూశాను.

"బతుకుమని వేరే కణాలు కబురు పంపాలె. గా కబురు మోసే ప్రోటీన్లే ఇంటర్‌ల్యూకిన్లు. బతకాల్నా, చావాల్నా, ఏ పని నేర్వాల్నా, అన్నీ గా కబురును బట్టే ఉంటయ్. తెల్వకపోతే అడుగు బేటా, జర మాట్లాడు."

ఆ రోజు నుంచి అడగడం మొదలుపెట్టాను. పీజీ ప్రవేశ పరీక్షకు ఆమె తన ఇంట్లోనే చదివించారు. పరిశోధన కోసం నేను హైదరాబాద్ వెళ్లేరోజు ఒక పాత నోటుబుక్ చేతిలో పెట్టారు. తండ్రి పక్షవాతంతో మంచం పట్టడంతో ఆమె పీహెచ్‌డీ మధ్యలోనే వదిలేశారు. అందులో ఉన్నవి అప్పటి ప్రయోగాలు. ఇంటర్‌ల్యూకిన్-2 ఎక్కువగా అందుతూనే ఉన్న కణాలు పోరాడి, త్వరగా చచ్చిపోతున్నాయి. రెండో రోజే దాన్ని తగ్గించి ఇంటర్‌ల్యూకిన్-7 ఇస్తే, చాలా కణాలు ఎక్కువకాలం బతికి, ఒకసారి చూసిన రోగాన్ని గుర్తుంచుకునేవిగా మారుతున్నాయి.

"నాతోని కాలె. నువ్వన్న పూర్తిచెయ్," అన్నారు.

చేశాను. నా పరిశోధనా వ్యాసమంతా రెండో రోజు చేసే ఆ మార్పు మీదే నిలబడింది. ఆమె పేరు రాస్తే మా ప్రొఫెసర్ కొట్టేశారు. "ఎక్కడో కాలేజీ లెక్చరర్ పేరు మన పేపర్లో ఎందుకమ్మా?" అన్నారు. నేను వాదించలేదు. నా పీహెచ్‌డీ ఆయన సంతకం మీద ఆధారపడి ఉందని సర్దిచెప్పుకున్నాను.

అప్పటికి మేడమ్ జనగామకు బదిలీ అయ్యారు. అచ్చయిన వ్యాసం పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. సిగ్గులేకుండా, మెచ్చుకుంటారనే వెళ్లాను. ఆమె మొదటి పేజీలో రచయితల పేర్లు చూశారు. చివర ఉన్న కృతజ్ఞతలను రెండుసార్లు చదివారు.

"గిండ్ల నా పేరు లేదేంది?"

"సార్ వద్దన్నరు, మేడమ్."

"మరి నువ్వేమన్నవ్?"

ఆమె చేతిలోని వ్యాసాన్ని తీసుకోబోయాను.

"నీకు మాట్లాడుడు నేర్పిన అనుకున్న," అన్నారు.

తిట్టలేదు. చాయ్ ఇచ్చారు. నోటుబుక్ మాత్రం తిరిగి పంపమన్నారు.

ఆ తర్వాత నా ఫోన్లు ఎత్తలేదు. నిరుడు ఆమె పోయారని భూపాలపల్లిలో ఉండే వాళ్ల చెల్లెలు చెప్పాకే, ఆమె పేరు చేర్చమని, వ్యాసం అచ్చేసిన పత్రికకు రాశాను. చేర్చారు. ఇప్పుడు నా దగ్గర పరిశోధన చేసే విద్యార్థుల వ్యాసాల్లో, పని చేసిన ఎవరి పేరూ వదలనివ్వను. అది నా మంచితనమని వాళ్లనుకుంటారు. కాదని చెప్పే ధైర్యం నాకింకా రాలేదు.